ఆపరేషన్ అపాయింట్‌మెంట్

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బయట ఎదురుచూస్తున్న ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. అతను కదల్లేదు. తలుపులు మూసుకోబోయి, అతని బూటు అడ్డం తగిలి మళ్లీ తెరుచుకున్నాయి. అతను నిలబడి లేడని, ఎవరో మూలకు ఆనించి వెళ్లారని ఆవిడకు అప్పుడు అర్థమైంది.

పోలీసులు గుండెపోటు అని తేల్చారు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తును చూసినవాడు ఒక్కడే. వాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి కాబట్టి నోరు మెదపలేదు.

"చచ్చిపోయిందెవరు సార్?" అన్నాడు తాళంకప్ప.

"ప్రోగ్రామర్," అన్నాడు బాస్. "వెబ్‌సైట్లకు తగిలించుకునే అపాయింట్‌మెంట్ ప్లగిన్ రాశాడు. పళ్ల డాక్టర్లు, జుట్టు కత్తిరించేవాళ్లు, కార్లు కడిగేవాళ్లు, అందరూ అదే వాడతారు."

"అలాంటివాణ్ని ఎవరు చంపుతారు?"

"అది నీకు అనవసరం. ఆ ప్లగిన్ మన సైట్లో పెట్టొచ్చా, కూడదా? మధ్యాహ్నంలోగా చెప్పు."

తాళంకప్పకు ఆ పేరు ఊరికే రాలేదు. వేసిన తాళాన్ని మూడు వీధులు దాటాక కూడా వెనక్కి వచ్చి లాగి చూసే రకం. తన నీడనైనా ఐడీ కార్డు అడిగిగాని వెంట రానివ్వడని ఆఫీసులో నవ్వుకుంటారు. అతను తుపాకీ పేల్చి ఏళ్లయింది. ఈ కాలంలో శత్రువు కిటికీలోంచి దూకి రావడం లేదు, మనమే డౌన్‌లోడ్ చేసుకుంటున్నాం.

మన సైట్ అంటే ఒక కళ్లద్దాల దుకాణం సైట్. దుకాణం నిజమైనదే. డాక్టరమ్మ నిజమైనదే. ఆమె రాసిచ్చే అద్దాలూ నిజమైనవే. కాని శత్రువు కడుపులో కూర్చుని పనిచేసే మన ఏజెంట్లు, ఇక బయటపడాలనుకున్నప్పుడు ఆ సైట్‌కి వెళ్లి కంటి పరీక్షకు అపాయింట్‌మెంట్ పెట్టుకుంటారు. ఎంచుకున్న టైమును బట్టి ఏ గేటు దగ్గర బండి ఆపాలో ఇక్కడివాళ్లకు తెలుస్తుంది. అంతే. ఎవరికీ అనుమానం రాని ఏర్పాటు.

చిక్కల్లా పాత ప్లగిన్‌తో వచ్చింది. దాన్ని రాసినవాడు ఇంకెవడో, ఏనాడో గాలికొదిలేశాడు. పోయిన నెల ఒక ఏజెంట్ అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే ఆ ఫారం మింగేసి గుటక కూడా వేయలేదు. బండి వెళ్లలేదు. ఆ ఏజెంట్ ఆ గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో, ఎవరు వచ్చి తీసుకుపోయారో డిపార్ట్‌మెంట్‌కు ఇప్పటికీ తెలియదు.

"ఈసారి అపాయింట్‌మెంట్ ఎవరికి సార్?" అన్నాడు తాళంకప్ప, జవాబు తెలిసి కూడా.

బాస్ కిటికీ వైపు తిరిగాడు. "పిన్నికి."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. అది ఆమె కోడ్‌నేమ్. తాళంకప్పకు మాత్రం ఆమె నిజంగానే పిన్ని. అమ్మ పోయాక అతనికి అన్నం పెట్టి, లెక్కలు నేర్పి, చివరికి ఈ పాడు ఉద్యోగంలో కూడా చేర్చిన మనిషి. పద్దెనిమిదేళ్లుగా విదేశీ ముఠా ఆఫీసులో టైపిస్టుగా కూర్చుని ఉంది. రేపు ఆ ఆఫీసు సముద్రం అవతలికి మారిపోతోంది. అక్కడికి వెళ్లిన ఉద్యోగులను మళ్లీ బయటికి వదలరు. ఈ మధ్యాహ్నం భోజనం వేళ ఆమెను పక్క వీధి దాకా వెళ్లనిస్తారు, వెనకే ఒక కాపలా మనిషితో. అక్కడున్న ఇంటర్నెట్ షాపులో ఫారం నింపితే బయటపడినట్టు. లేకపోతే లేదు.

"పాతది పెడితే మింగేస్తుంది," అన్నాడు తాళంకప్ప. "కొత్తది పెడితే శవం వాసన కొడుతోంది."

"అందుకే నిన్ను పిలిచాను," అన్నాడు బాస్.

తాళంకప్ప ప్లగిన్ కాపీని తన టెస్ట్ మెషీన్ మీద పరిచాడు. ముందు పైపై విచారణ. ఎవరు రాశారు, ఎంతమంది వాడుతున్నారు, ఎన్నాళ్లకోసారి మార్చారు, ఎవరైనా అడిగితే రాసినవాడు జవాబిచ్చాడా. ఇచ్చాడు. ఓపిగ్గా, మర్యాదగా ఇచ్చాడు. ఒక పళ్ల డాక్టరు రోజూ ఒకే ప్రశ్న అడుగుతుంటే, రోజూ మొదటిసారి విన్నట్టే చెప్పాడు. చనిపోయిన మనిషిని ఇలా పరిచయం చేసుకోవడం తాళంకప్పకు ఏమీ బాగాలేదు.

తర్వాత ఇదివరకే లోపాలేమైనా బయటపడ్డాయా అని వెతికాడు. లేవు. అడగకూడని అనుమతులు అడుగుతోందా? లేదు. ఎవరూ చూడనప్పుడు బయటికి ఫోన్ చేస్తోందా? టెస్ట్ మెషీన్‌ను వలలో పెట్టి గంటసేపు కాపలా కాశాడు. పెదవి విప్పలేదు. చివరికి కోడ్ చదివాడు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. ఈ పనిలో మాత్రం ప్రతి మెతుకూ పట్టి చూడాలి. పట్టి చూశాడు.

"శుభ్రంగా ఉంది సార్."

"నమ్మకంగా?"

"నేను చదివినంతవరకు శుభ్రంగా ఉంది."

బాస్‌కు 'శుభ్రం' అన్న ముక్క ఒక్కటే వినపడింది. దుకాణానికి కబురు వెళ్లింది. డాక్టరమ్మ ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసింది.

అప్పుడే దొరసాని నుంచి మెసేజ్ వచ్చింది: 'చూపు మసకగా ఉంది. వెంటనే పరీక్ష చేయించుకోవాలి.'

దొరసాని డబుల్ ఏజెంట్. ముఠా దగ్గర ఒక జీతం, డిపార్ట్‌మెంట్ దగ్గర ఒక జీతం. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు మునుగుతారంటారు గాని, ఆమె ఎత్తుమడమల చెప్పులతో కూడా ఒడ్డునే నడుస్తున్నట్టు ఉంటుంది. వీధిలో వెళ్తుంటే ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఎత్తి దించడం మర్చిపోతాడు. ఆమె చెప్పే మాటల్లో సగం నిజం. ఏ సగం అన్నదే ఎవరికీ తేలదు.

"వెళ్లి కలువు," అన్నాడు బాస్. "పేషెంటు వేషంలో."

ఇక్కడ ఆ దుకాణం పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఎదురుగా ఉన్న కాఫీ షాపులో ముఠా మనిషి ఒకడు ఎప్పుడూ కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు మన కొరియర్ ఒకడు కంటి పరీక్ష చేయించుకున్నట్టు నటించి, బయటికి రాగానే ఫోన్ తీసి చకచకా మెసేజ్ చదువుకున్నాడు. కంట్లో చుక్కలు వేయించుకున్నవాడికి దగ్గరి అక్షరం ఎలా కనిపిస్తుంది? ముఠా మనిషికి ఆ మాత్రం తెలుసు. కొరియర్ వీధి చివరి దాకా కూడా వెళ్లలేదు. అప్పటి నుంచి బాస్ ఆర్డర్: ఆ గడప తొక్కినవాడు ఎవడైనా సరే నిజంగా పరీక్ష చేయించుకోవాలి, నిజంగా చుక్కలు వేయించుకోవాలి. కవర్ అంటే కవరే.

టెక్నికల్ సెక్షన్‌వాళ్లు తాళంకప్పకు కెమెరా ఉన్న లైటర్, మైకు ఉన్న చొక్కా గుండీ, మత్తుసూది ఉన్న పెన్ను ఇచ్చి పంపారు. చెవిలో బాస్ గొంతు వినిపించే చిన్న గింజ పెట్టారు. అతికించిన గడ్డంతో, చేతికర్రతో అతను దుకాణంలోకి నడిచాడు. డాక్టరమ్మ అతని రెండు కళ్లలోనూ చుక్కలు వేసి వెనక గదిలో కూర్చోబెట్టింది.

"కళ్లు మూసుకుని కూర్చోండి. తెరిచినా ఏమీ కనపడదులెండి," అంది.

వెనక గదిలో ఒక లాప్‌టాప్, పక్కన ఇనుప అల్మరా. సైట్‌ను నడిపే సర్వర్ ఆ అల్మరాలోనే ఉంది. బయట అద్దెకు తీసుకుంటే పరాయి చేతుల్లో పడుతుందని బాస్ పట్టుబట్టి ఇక్కడే పెట్టించాడు. హెడ్డాఫీసు నుంచి ఈ సైట్‌ను తెరవడం కూడా నిషేధం. తెరిస్తే దానికీ డిపార్ట్‌మెంట్‌కూ ఉన్న చుట్టరికం బయటపడుతుంది. జాగ్రత్తలకేం కొదవ లేదు.

సెంటు వాసన ముందు వచ్చింది. తర్వాత దొరసాని వచ్చింది. తాళంకప్పకు ఎర్రటి మరక ఒకటి కుర్చీలో కూర్చున్నట్టు కనిపించింది.

"గడ్డం మీకు నప్పలేదు," అందామె.

"విషయం చెప్పండి."

"ప్లగిన్ చదివారా?"

"చదివాను. శుభ్రంగా ఉంది."

"ఉంటుంది. మీరు చదివింది ఆ అబ్బాయి రాసింది. వాడు చనిపోయే ముందు దాన్ని మావాళ్లకు అమ్మేశాడు. కొనడానికి వెళ్లింది నేనే. అక్కా, కూర్చో అని కాఫీ కలిపి ఇచ్చాడు. డబ్బు తీసుకున్నాక వాడికి నిద్ర పట్టలేదు. వాడుతున్నవాళ్లందరికీ నిజం రాసేస్తానన్నాడు. అందుకే లిఫ్టు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "కొత్త వెర్షన్ ఇవాళ వదిలారు. అందులో దొడ్డిదారి ఉంది. ఎవరు ఫారం నింపినా, ఎక్కడి నుంచి నింపారో ఆ అడ్రస్ నేరుగా ముఠాకు వెళ్తుంది."

"మాది పాత వెర్షనే."

"ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపారా?"

తాళంకప్ప ఆపలేదు. ఆపకూడదు కూడా. ప్రతి సాఫ్ట్‌వేరూ ఎప్పటికప్పుడు దానంతటదే అప్‌డేట్ కావాలి, అదే అసలైన సెక్యూరిటీ అని బాస్ సంతకంతో సర్క్యులర్ ఉంది. ఆ సర్క్యులర్ డ్రాఫ్టు రాసింది తాళంకప్పే. ముందు తలుపుకు తాళం మీద తాళం వేసి, తాళంచెవుల గుత్తిని తయారుచేసినవాడి దగ్గరే వదిలేశాడు.

అతను లాప్‌టాప్ మీదికి వంగాడు. తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. అక్షరాలు పెద్దవి చేశాడు. అక్షరం పెద్దదైంది, మబ్బూ పెద్దదైంది. కళ్లద్దాల దుకాణంలో కూర్చుని ఒక్క జత అద్దాలకు గతిలేదు. వెనక గదిలో ఖాళీ ఫ్రేములే ఉన్నాయి. అద్దాలన్నీ ముందు హాల్లో. మైకు, కెమెరా, మత్తుసూది అన్నీ ఇచ్చిన టెక్నికల్ సెక్షన్‌కు ఒక భూతద్దం ఇవ్వాలని తట్టలేదు.

"డాక్టరమ్మను పిలుస్తాను."

"పిలవకండి. కాఫీ షాపు మనిషి లోపలికి వచ్చాడు. నా వెనకే వచ్చి ఫ్రేములు చూస్తున్నాడు. ఆవిడ వాణ్ని వదిలి రాలేదు."

చెవిలో బాస్ గొంతు పలికింది. "పిన్ని ఇంటర్నెట్ షాపులోకి వెళ్లింది. మనవాడు అవతలి ఫుట్‌పాత్ మీద నుంచి జూమ్ కెమెరాతో చూస్తున్నాడు. కాపలావాడు గుమ్మం దగ్గర ఉన్నాడు."

"సార్, ఆమెను ఆపించండి."

"ఎలా? మనవాడు దగ్గరికెళ్తే ఇద్దరూ పోతారు. ఎందుకు ఆపాలి?"

తాళంకప్ప దొరసాని వైపు తిరిగాడు. "మీరు చదవండి. వెర్షన్ ఏముంది?"

కుర్చీ జరిగింది. కీబోర్డు చప్పుడైంది. "అప్‌డేట్ అయిపోయింది. ఇందాకే. ఇక్కడొక కొత్త ఫైల్ ఉంది. అందులో అడ్రస్ ఉంది. మావాళ్లదే. చదవనా?"

"చదవండి."

ఆమె ఒక్కో అక్షరమే చదివింది. పొద్దున అతను పట్టి చూసిన మెతుకుల్లో ఇది లేదు. తడుముకోకుండా, స్కూలు పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదివింది. నిజంగా తెర మీద ఉన్నది చదువుతోందా? లేక ఇంటి దగ్గర బట్టీ పట్టి వచ్చిందా?

ఆమె చెప్పింది నిజమైతే, పిన్ని బటన్ నొక్కిన మరుక్షణం ముఠాకు ఆ షాపు అడ్రస్ వెళ్తుంది. గుమ్మంలో ఉన్న కాపలావాడి ఫోన్ మోగుతుంది. ఆమె చెప్పింది అబద్ధమైతే, శుభ్రంగా ఉన్న సైట్‌ను తన చేత్తోనే మూసి, పిన్నిని తనే లోపల పెట్టి తాళం వేసినట్టు అవుతుంది. ముఠాకు కావలసింది అదే కావచ్చు. దొరసానిని పంపింది అందుకే కావచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో కళ్లు కనపడని మనిషి.

"ఫారం తెరిచింది," అన్నాడు బాస్. "పేరు టైప్ చేస్తోంది."

"మిమ్మల్ని నేను ఎందుకు నమ్మాలి?" అన్నాడు తాళంకప్ప.

"నమ్మొద్దు," అంది దొరసాని. "నన్ను నేనే నమ్మి చాలా కాలమైంది. ప్లగిన్‌నైతే ఏం చేస్తారు? నమ్మకం కుదరకపోతే?"

"పెట్టను."

"మరి?"

జీవితమంతా అతను చేసింది ఆ ఒక్క పనే. తేలనిదాన్ని గుమ్మం బయటే ఉంచడం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పుడు పిన్నే చెప్పేది. అది ఇలా ఆమెకే ఎదురు తిరుగుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

"సార్, సైట్ ఆపేస్తున్నాను."

"ఏంటి? మతిపోయిందా? టైము ఎంచుకుంటోందయ్యా!"

"ప్లగిన్ పాడైంది. దొడ్డిదారి అప్‌డేట్‌తో వచ్చింది."

చెవిలో చప్పుడు ఆగిపోయింది. సర్క్యులర్ కింద ఉన్న సంతకం ఎవరిదో బాస్‌కు గుర్తొచ్చి ఉంటుంది.

"నేను ఆపనా? ఒక్క క్లిక్కు," అంది దొరసాని.

"ముట్టుకోకండి."

తాళంకప్ప లేచి గోడ పట్టుకుని నడిచాడు. మోకాలు స్టూలుకు కొట్టుకుంది. అల్మరా తలుపు దొరికింది. లోపల వేడిగా, గుయ్యిమంటూ సర్వర్. దాని వెనక తీగలు చిక్కుపడిన జుట్టులా ఉన్నాయి. ఏది కరెంటుదో తెలియలేదు. "బటన్ మీద చెయ్యి పెట్టింది," అన్నాడు బాస్, చాలా నెమ్మదిగా. తాళంకప్ప చేతికి అందినవన్నీ గుప్పిట పట్టి లాగేశాడు.

గుయ్యిమనే చప్పుడు ఆగింది.

"వెళ్లిందా సార్?"

"లేదు. పేజీ పోయింది. తెర వంక చూస్తోంది." బాస్ అవతలివాడు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాడు. "మళ్లీ నొక్కింది. మళ్లీ. ఊరికే కూర్చుంది. ఇంకేదో టైప్ చేస్తోంది. లేచింది. కాపలావాడు తలుపు పట్టుకున్నాడు. ఆఫీసు వైపు నడుస్తున్నారు."

తాళంకప్ప అల్మరా పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చుక్కల వల్ల అని చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు. అతను ఏడుస్తున్నాడు.

దొరసాని అతని చేతిలో చుక్కల మందు సీసా పెట్టింది. "నాకూ వేయండి. చుక్కలు లేకుండా బయటికి వెళ్తే నా పని అయిపోతుంది."

"మీరు వేయించుకోలేదా?"

"వేయించుకుంటే మీకు చదివి పెట్టేది ఎవరు?"

అతను ఆమె ముఖాన్ని తడిమి కనురెప్ప పట్టుకున్నాడు. మొదటి చుక్క బుగ్గ మీద పడింది. రెండోది ముక్కు మీద. మూడోదో నాలుగోదో కంట్లో పడింది. ఆమె నవ్వింది. ఆ చుక్కలు పనిచేయడానికి అరగంట పడుతుందని ఇద్దరికీ తెలుసు. అరగంట కూర్చునే వీలు లేదని కూడా తెలుసు.

"ఆ మనిషి కళ్లలోకి చూస్తే?" అన్నాడు తాళంకప్ప.

"ఇంతవరకు నన్ను చూసిన మగవాడెవడూ కళ్లతో మొదలుపెట్టలేదు," అని ఆమె వెళ్లిపోయింది.

కాఫీ షాపు మనిషి ఫ్రేమేమీ కొనకుండా ఆమె వెనకే వెళ్లాడని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం నుంచి దొరసాని ఫోన్ ఎవరూ ఎత్తలేదు. డిపార్ట్‌మెంట్ రోజూ చేస్తూనే ఉంది.

మర్నాడు చూపు తిరిగి వచ్చాక, తాళంకప్ప ఆ సర్వర్‌ను తీయించి కొత్త ఫైల్ చదివాడు. అడ్రస్ అక్కడే ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు. ఆమె తన జీవితంలో చెప్పిన పూర్తి నిజం బహుశా అదొక్కటే. అది నిజమని తేలేసరికి ఆమె లేదు. ముఠా ఆఫీసు ఆ పొద్దునే ఓడ ఎక్కింది.

వారం తర్వాత బాస్ గదిలో మీటింగ్. మంత్రిగారి ఆఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. ఒక్క ఏజెంటు పేరూ బయటపడలేదు. మిషన్ సక్సెస్. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపమని కొత్త సర్క్యులర్ కూడా సిద్ధంగా ఉంది. అది కూడా తాళంకప్పే రాయాలట.

"కవర్ చెడకూడదు. దుకాణం మళ్లీ తెరవాలి," అన్నాడు బాస్. "దుకాణానికి జనంలో పేరెలా ఉందో చూశావా?"

తాళంకప్ప తన ఫోన్‌ను బల్ల మీద పెట్టి ముందుకు జరిపాడు. మ్యాపులో దుకాణం పేరు, దాని కింద జనం రాసిన అభిప్రాయాలు. అన్నింటికన్నా పైన కొత్తది ఒకటి ఉంది. ఒకే ఒక్క స్టారు. తారీఖు ఆ రోజుది. వేళ, పిన్ని ఆ షాపులో తెర వంక చూస్తూ కూర్చుని ఇంకేదో టైప్ చేసిన వేళ.

'అద్దాలు మార్పించుకుందామని ఎంతో ఆశగా వచ్చాను. తలుపులు మూసేశారు. ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుందిలెండి. పాత అద్దాలతోనే చూసుకుంటాను. మా అబ్బాయి మీ దగ్గరే పనిచేస్తాడు. వాణ్ని ఏమీ అనకండి.'

బాస్ చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"పేరు దెబ్బతింటుంది. దీన్ని తీసేయించమంటారా సార్?" అన్నాడు తాళంకప్ప.

"వద్దు," అన్నాడు బాస్. "మిగతా ఐదు స్టార్లవన్నీ మన సెక్షన్‌వాళ్లు రాసినవే. నిజమైన కస్టమర్ ఈమె ఒక్కతే."